గోదాములో గొడుగులెన్ని

గొడుగుల షావుకారు ఇంటికెళ్ళి భోంచేసి, కాసేపు నడుం వాల్చి తిరిగి వచ్చేసరికి గోదాము తలుపుకి తనది కాని తాళం వేలాడుతోంది. తాళం మీద లక్క ముద్ర, ముద్ర మీద బ్యాంకు గుర్తు. పక్కనే గోడకి ఒక కాగితం అంటించారు. అప్పు తీర్చనందువల్ల లోపలి సరుకు బ్యాంకు స్వాధీనం చేసుకుందని దాని సారాంశం.

షావుకారు జన్మలో బ్యాంకు దగ్గర అప్పు చేసినవాడు కాదు. వడ్డీ కట్టడమంటే ఆయనకి ఒంట్లో రక్తం తీసి ఇచ్చినట్టుంటుంది. అప్పు చేసింది పక్క గోదాము రంగుల వ్యాపారి. రెండు తలుపులకీ ఒకటే ఆకుపచ్చ రంగు. ఆ రంగు కూడా రంగుల వ్యాపారి ఇచ్చిందే. మిగిలిపోయిన డబ్బా కదా, సగం ధరకి తీసుకోండన్నాడు. చవగ్గా దొరికిందని ఆనాడు షావుకారు మురిసిపోయాడు. చవక సరుకు బాకీ ఎప్పుడు వసూలు చేసుకుంటుందో ఎవరికి తెలుసు?

"అయ్యయ్యో, నాకు పడాల్సిన తాళం మీకు పడిందే అన్నగారూ!" అని రంగుల వ్యాపారి వచ్చి చాలాసేపు బాధపడ్డాడు. బాధపడి, ఆ సాయంత్రమే తన సరుకంతా బండికెత్తించుకుని వెళ్ళిపోయాడు.

షావుకారు బ్యాంకుకి పరిగెత్తాడు. మేనేజరు మంచివాడు. మంచినీళ్ళిచ్చాడు, కుర్చీ ఇచ్చాడు, పొరపాటు జరిగిందని ఒప్పుకున్నాడు కూడా. తాళం మాత్రం తియ్యలేదు. "వెయ్యడం మా చేతిలో పని. తియ్యాలంటే పై ఆఫీసు చెప్పాలి. రాశాం," అన్నాడు. ఎప్పుడు వెళ్ళినా అదే కుర్చీ, అవే మంచినీళ్ళు, అదే "రాశాం".

ఆకాశంలో మబ్బులు రావడం మొదలైంది. షావుకారు ఏడాదికి అమ్మే గొడుగుల్లో ముప్పాతిక భాగం తొలకరి వానల్లోనే పోతాయి. ఆ నాలుగు వారాలూ దాటాయంటే గొడుగు పెళ్ళయ్యాక వచ్చిన మేళమే. ఈసారి చేతిలో ఉన్నదంతా పోసి సరుకు కొన్నాడు. అది అమ్ముడుపోకపోతే వచ్చే ఏడాది కొట్టు తెరవడానికి తాళంచెవి ఉంటుంది గాని లోపల పెట్టడానికి ఏమీ ఉండదు.

అందుకని దావా వేశాడు. ఆ దావాలోనే ఉంది అసలు తిరకాసు.

*

ప్లీడరమ్మ వయసులో చిన్నదే గాని మాటలో కొలత ఉన్న మనిషి. "గోదాములో ఎన్ని గొడుగులున్నాయి?" అని అడిగింది.

"ఎన్ని రాస్తే బాగుంటుందంటారు?" అన్నాడు షావుకారు.

"ఎన్నుంటే అన్ని."

షావుకారు ఆ పిల్లని జాలిగా చూశాడు. చదువుకున్నవాళ్ళు బజారులో ఎందుకు మోసపోతారో ఆయనకి ఆ క్షణాన అర్థమైంది. ఉన్నది ఉన్నట్టు చెప్తే బేరం దేని మీద ఆడతారు? పది అంటే అవతలివాడు మూడంటాడు, కిందికీ పైకీ జరిగి ఆరు దగ్గర చేతులు కలుపుతారు. దుకాణం పుట్టిన దగ్గర్నుంచీ లోకం ఇలాగే నడుస్తోంది. బ్యాంకు ఎలాగూ సగం కోస్తుంది. జడ్జి గారు తన పెద్దరికానికి మరికొంత కోస్తారు. కోయగా మిగిలేది అసలు లెక్కకి తగ్గకూడదు కదా.

"పదివేలు రాయండి," అన్నాడు.

ఆయనకి గొడుగు ధరే కాదు, గొడుగుల లెక్క కూడా మనిషికో రకంగా ఉంటుంది. గోదాము యజమానితో వెయ్యి అని చెప్పాడు, అద్దె పెంచుతాడని. వ్యాపారంలో పావలా వాటా ఉన్న బావమరిదితో రెండు వేలన్నాడు, పావలా చిన్నదిగా ఉంటుందని. ఇంటి కప్పు బాగుచేయించమని పోరుపెట్టే భార్యతో ఆరు వేలన్నాడు, డబ్బంతా సరుకులో ఇరుక్కుపోయిందని ఆవిడ నమ్మాలని. అసలు లెక్క ఒకటుంది. నాలుగు వేల అరవై. అది ఆయన బుర్రలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. అంతమంది మధ్య ఆ అంకెని కాపాడుకు రావడమే ఇరవై ఏళ్ళ వ్యాపారంలో తన అసలు సంపాదన అని ఆయన లెక్క.

బావమరిది వాటాదారు కాబట్టి అతను రెండో వాది. సంతకం పెట్టబోతూ కాగితం చూసి, "ఇదేంటి బావా, పదివేలంటున్నావు?" అన్నాడు.

"అది కోర్టు ధరరా. ఐదో వంతు చేసుకో."

"అలాగా," అని సంతకం గీకాడు.

బ్యాంకు జవాబు వచ్చింది. చదువుతున్నకొద్దీ షావుకారుకి కాళ్ళ కింద నేల కదిలింది. బ్యాంకు బేరం ఆడలేదు! పొరపాటు మాదే, తాళం తీసి సరుకు అప్పగించడానికి సిద్ధమేనని రాశారు. అయితే, వాది పదివేల గొడుగులంటున్నాడు. గోదాము పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచాం. అందులో పదివేలు పట్టాలంటే గొడుగులు ఒకదాని కడుపులో ఒకటి దూరాలి. రేపు తాళం తీశాక తక్కువ తేలితే మిగతావి బ్యాంకు దొంగిలించిందంటాడు. కాబట్టి లెక్క తేలేదాకా తాళం అలాగే ఉండనివ్వాలి.

"చూశారా?" అంది ప్లీడరమ్మ. "తాళం వాళ్ళు వేశారు. గడియ మీరు పెట్టుకున్నారు."

జడ్జి గారు కళ్ళజోడు పైనుంచి షావుకారుని చూశారు. "పదివేలున్నాయా లోపల?"

"అది చెప్పిన ధర అయ్యా. ఇచ్చే ధర కాదు."

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. "దావా సవరించుకోండి. ఈసారి ఇద్దరు వాదులూ ప్రమాణం చేసి ఒకే సంఖ్య చెప్పాలి. సుమారు అనే మాట ఈ వాదికి నేను ఇవ్వను. కోర్టు తరఫున కమిషనరుని పంపి లెక్కపెట్టిస్తాను. పది వరకూ తేడా ఉంటే క్షమిస్తాను. పదకొండు అయితే దావా తేలేదాకా తాళం కదలదు."

బయటికొచ్చాక షావుకారు అడిగాడు, "దావా తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"ఈ వానలు వెళ్ళిపోతాయి. పై ఏడు వానలూ వెళ్ళిపోతాయి. ఆ పైవి చెప్పలేను."

*

ఆ అంకె అడిగినప్పుడల్లా షావుకారు "సాయంత్రం చెప్తా", "పొద్దున చెప్తా" అని దాటేశాడు. చివరికి వాయిదా ముందురోజు ప్లీడరమ్మ సంచీ భుజాన వేసుకుని ఇంటికే వచ్చేసింది. వస్తూ బావమరిదిని కూడా పిలిపించింది. షావుకారు భార్య ఉతికిన బట్టలు ముందేసుకుని మడత పెడుతోంది. ఎవరెవరికి వేరువేరు లెక్కలు చెప్పాడో వాళ్ళందరూ ఒకే గదిలో కూర్చోవచ్చు అనే ప్రమాదాన్ని షావుకారు ఇరవై ఏళ్ళలో ఏనాడూ లెక్కలో వేసుకోలేదు.

"చెప్పండి," అంది ప్లీడరమ్మ కలం మూత తీసి.

"కాగితం ఇటివ్వండి, నేనే రాస్తాను."

"మీరు రాసినా నేను పైకి చదవాలి. ప్రమాణం చేసేముందు వాదులిద్దరూ వినాలి."

షావుకారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. కిటికీలోంచి మబ్బు కనిపించింది, కడుపుతో ఉన్న గేదెలా నల్లగా, నిండుగా. ఇక లాభం లేదనుకుని, దాచుకున్న రోగం ఒప్పుకున్నట్టు గొణిగాడు.

"నాలుగు వేల అరవై."

బావమరిది మొహం ముడుచుకుంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు. "బావా, అప్పుడు పదివేలంటే ఐదో వంతు చేసుకోమన్నావు. దీన్ని ఐదో వంతు చేస్తే ఎనిమిది వందలు. మిగతావి ఏమైనట్టు? నాకు తెలీకుండా అమ్మేశావా?"

మునిగిపోయేవాడికి దుంగ దొరికినట్టయింది షావుకారుకి. అవునని ఒక్క మాట అంటే చాలు, అసలు లెక్క దాగిపోతుంది. కాని రేపు కమిషనరు అందరి ముందూ లెక్కపెడతాడు.

"కాదురా. ఇది బేరం లేని లెక్క."

"అంటే?"

"అంటే నాలుగు వేల అరవై అంటే నాలుగు వేల అరవయ్యే!"

షావుకారు తల వంచుకుని పిడుగు కోసం ఎదురుచూశాడు. బావమరిది పెదాలు బిగబట్టి, ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వాడు.

"హమ్మయ్య! నా లెక్క సరిగ్గానే ఉంది."

"నీ లెక్కేంట్రా?"

"నువ్వు రెండంటే నేను నాలుగు వేసుకుంటాను బావా. ఎప్పట్నుంచో అంతే."

"నాతో ఆరు వేలన్నారు," అంది భార్య చీర అంచులు కలుపుతూ. "ఈయన ఇంట్లో ఏం చెప్పినా మూడో వంతు కోసేస్తాను. నాలుగే తేలింది."

"చూశావా అక్కా, నీది కోత, నాది పెంపు. ఇద్దరం ఒకే చోట తేలాం!"

అక్కాతమ్ముళ్ళు నవ్వుకుంటుంటే షావుకారు నోరు తెరుచుకుని చూశాడు. ఇరవై ఏళ్ళు ఇనప్పెట్టెలో దాచిన నోట్లు తీసి చూస్తే అవి ఎప్పుడో రద్దయిపోయాయని తెలిసినట్టుంది ఆయన పరిస్థితి. ఇల్లంతా ఆయన మాటకి ఒక మారకం రేటు కట్టుకుని హాయిగా బతికేస్తోంది. ఆ రేటు తెలీక ఇబ్బందిపడింది ఒక్క కోర్టే.

"తెలిసీ ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావురా?" అని అడిగాడు నీరసంగా.

"పోట్లాడితే ఏమొస్తుంది బావా? నువ్వు భోజనానికి వెళ్తే కొట్టూ, గోదాము తాళంచెవీ నా చేతిలోనే కదా. సర్దుకున్నాను."

"ఏం సర్దుకున్నావ్?"

"గొడుగులే. మన కొట్లో ఏనుగులుంటాయా?"

ప్లీడరమ్మ కలం కాగితం మీద ఆగిపోయింది. "ఎన్ని?"

"ఏదో... ఓ వంద."

"వందా!" అని అరవబోయి షావుకారు ఆగాడు. అరుపుకి ముందు లెక్క తేలాలి. వీడికి వ్యాపారం నేర్పింది తనే. తన దగ్గర నేర్చుకున్నవాడు వంద అంటే అది ఎంత? తన మాటకి అందరి దగ్గరా రేటుంది గాని, వీడి మాటకి తన దగ్గర రేటు లేదు!

"నిజం చెప్పరా."

"నిజమే బావా."

"అది నాతో చెప్పే నిజమా, కోర్టుకి చెప్పే నిజమా?"

బావమరిది బుర్ర గోక్కున్నాడు. భార్య మడత పెట్టిన చీర పక్కన పెట్టింది. "రెండొందలు రాసుకో అమ్మా. చిన్నప్పుడు రెండు పలకలు పగలగొట్టి ఒకటే అన్నవాడు వీడు. వీడిది ఎప్పుడూ సగం మాటే."

"అక్కా! బయటి మనిషి ముందు..."

"కాదంటావా?"

బావమరిది కిటికీ వైపు చూశాడు. "రెండొందలే," అన్నాడు.

"మూడు వేల ఎనిమిది వందల అరవై," అని రాసి, ప్లీడరమ్మ తల ఎత్తింది. "ఇంకెవరైనా ఉన్నారా?" కోర్టు గుమ్మం దగ్గర సాక్షుల్ని పిలిచినట్టే ఉంది ఆ అడగడం.

భార్య ఒక తువ్వాలు తీసి దులిపి, తల ఎత్తకుండానే అంది, "ఇంకో ముప్పై కొట్టెయ్."

"నువ్వు కూడానా!"

"ఏం, మన ఇంటికొచ్చినవాళ్ళు వానలో తడుస్తూ పోవాలా? గొడుగుల షావుకారు ఇంట్లోంచి తడిసి వెళ్ళారంటే ఎవరికండీ నామర్దా?"

"పరువుకి నాలుగైదు చాలవూ? ముప్పయ్యా?"

"మా వైపు చుట్టాలు ఎక్కువ."

షావుకారు భార్య మొహం పరీక్షగా చూశాడు. ముప్పై అంటే ముప్పయ్యేనా? బావమరిది రేటు చెప్పడానికి అక్క ఉంది. అక్క రేటు చెప్పడానికి ఈ ఇంట్లో ఎవరున్నారు? తువ్వాలు నాలుగు మడతలైంది. ఆ మొహంలో ఏ అంకే కనిపించలేదు.

"మూడు వేల ఎనిమిది వందల ముప్పై," అని చదివింది ప్లీడరమ్మ. "ఇదే ఆఖరు. ఇక దీన్ని సవరించడానికి నన్ను పిలవకండి." ఇద్దరూ సంతకాలు పెట్టారు. షావుకారు తన సంతకాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తెలియని సరుకుకి హామీ ఉండటం ఆయనకి అదే మొదలు.

*

మర్నాడు కోర్టులో బ్యాంకు వకీలు సవరణకి అడ్డం పడ్డాడు. "పదివేలన్న నోటితోనే మూడు వేల చిల్లరంటున్నాడు. ఎల్లుండి మూడు గొడుగులంటాడు. అప్పుడూ సవరిస్తారా?"

జడ్జి గారు రెండు వైపులా విన్నారు. "సవరణకి అనుమతిస్తున్నాను. కోర్టు సమయం వృథా చేసినందుకు వాది బ్యాంకుకి ఖర్చుల కింద రెండు వేలు కట్టాలి."

'రెండు వేలు' అన్న మాట చెవిలో పడగానే షావుకారు నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. "అయ్యా, అంతంటే ఎలా? వెయ్యి చేసుకోండి."

ప్లీడరమ్మ ఆయన కాలు తొక్కింది. తొక్కడం ఆలస్యమైంది.

"మూడు వేలు," అన్నారు జడ్జి గారు.

బేరమాడితే ధర పెరిగే దుకాణం ఒకటుందని షావుకారుకి ఆ రోజే తెలిసింది. ఇంకో మాట అంటే నాలుగవుతుందని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

కమిషనరు నిదానస్తుడైన పెద్దాయన. లక్క పగలగొట్టి తాళం తీయించి, లోపలికి వెళ్ళి ఒక కుర్చీ వేయించుకున్నాడు. తాళాన్ని మేనేజరు జాగ్రత్తగా రుమాల్లో చుట్టుకున్నాడు, అది బ్యాంకు ఆస్తి కదా. ఒక్కో కట్టా విప్పాలి, లెక్కపెట్టాలి, కట్టాలి, గోడవారగా చేర్చాలి. బావమరిది విప్పేవాడు, బ్యాంకు గుమాస్తా కట్టేవాడు. షావుకారుకి ముట్టుకునే వీలు లేదు. వాది కాబట్టి దూరంగా నిలబడి చూడాలి. సొంత సరుకుకి దూరంగా నిలబడటం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలీదు. కబురు తెలిసి గోదాము యజమాని కూడా వచ్చాడు. "వెయ్యి అన్నట్టు గుర్తు," అని పేర్చిన కట్టల్ని పై నుంచి కిందికి చూసి, "వచ్చే నెల అద్దె సంగతి మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయాడు. షావుకారు దాన్ని నష్టంలో కలిపాడు.

రెండో రోజు మధ్యాహ్నం వాన పడింది.

చినుకులు కాదు, కుండపోత. వీధిలో జనం పరుగెత్తి చూరుల కింద దూరారు. గోదాము తలుపు తెరిచి ఉంది. లోపల గోడ పొడుగునా గొడుగులు. నిమిషంలో గుమ్మం ముందు పదిమంది పోగయ్యారు. "ఒకటివ్వండి!" "నాకు రెండు!" "ఎంతైనా సరే, బస్సుకి వేళైంది!"

ఎంతైనా సరే! ఆ మాట వినడానికే ఏ వర్తకుడైనా కొట్టు పెట్టేది. షావుకారు కమిషనరు వైపు తిరిగాడు. ఆయన వేలెత్తాడు. "ఒక్కటి కదిలినా లెక్క మళ్ళీ మొదటి నుంచీ."

షావుకారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఎంతైనా ఇస్తామన్న వాళ్ళని "లేదండీ, ఇవ్వను, వెళ్ళండి" అని తన నోటితో తానే తరిమాడు. వాన జల్లు మొహాన కొడుతుంటే ఆయన కళ్ళలోంచి కారింది వాన నీళ్ళో కాదో ఎవరూ అడగలేదు. అన్నం కారియరుతో వచ్చిన భార్య మాత్రం దాన్ని కింద పెట్టి, చెంగుతో ఆయన మొహం తుడిచింది.

ఆఖరి కట్ట కట్టడం అయింది. కమిషనరు రెండుసార్లు కూడి చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మూడు వేల ఎనిమిది వందల ఇరవై నాలుగు."

ఆరు తక్కువ. ప్లీడరమ్మ ఊపిరి వదిలింది. "పదిలోపే. సరిపోయింది," అంది. కమిషనరు సంతకం పెట్టాడు, మేనేజరు పెట్టాడు. నష్టపరిహారం సంగతి పై ఆఫీసుకి రాస్తానని మేనేజరు మాటిచ్చాడు.

షావుకారు బావమరిది వైపు చూశాడు. అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఒట్టు బావా, నావి రెండొందలే!" షావుకారు భార్య వైపు చూశాడు. ఆవిడ వాన వైపు చూస్తోంది.

గుమ్మంలోనే బల్ల వేశారు. అలవాటు ప్రకారం బావమరిది డబ్బుల డబ్బా ముందు కూర్చోబోయాడు. షావుకారు వాడి భుజం పట్టుకుని లేపాడు. "నువ్వు సరుకందించు." ఖాళీ అయిన ఆ పీట ఎవరికివ్వాలో ఆయన ఎక్కువ ఆలోచించలేదు. ఈ కుటుంబంలో ఎవరి మాట విలువెంతో తెలిసింది ఒక్క మనిషికే. ఆవిడ కొంగు దోపుకుని కూర్చుంది.

నిలువునా తడిసిన ఒకాయన ముందుకొచ్చాడు. "ఎంత?"

షావుకారు చెప్పాడు. నాలుగు రోజులుగా నోరు కట్టేసుకున్న కసంతా ఉంది ఆ ధరలో.

తడిసినాయన గొడుగు అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బా ముందున్నావిడ వైపు వంగాడు. "అమ్మా, షావుకారు సంగతి బజారంతా తెలుసు. అసలు ధరెంతో మీరు చెప్పండి."

షావుకారు భార్య వైపు తిరిగాడు. మూడో వంతు! ఇంట్లో ఏం చెప్పినా కోసేసే ఆ మూడో వంతు ఇప్పుడు నడివీధిలో, ఇంతమంది కొనేవాళ్ళ ముందు తెగబోతోంది.

ఆవిడ ఆ తడిసినాయన కళ్ళలోకి సూటిగా చూసింది. "ఈయన నోట రెండో మాట రాదు నాయనా. చెప్పిందే ధర."

ఆయన సణుగుతూ డబ్బులు తీసిచ్చి, గొడుగు విప్పుకుని వానలోకి వెళ్ళిపోయాడు. వెనకవాళ్ళు ఇక అడగలేదు. డబ్బులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. షావుకారు చిల్లర ఏరుతున్న భార్య వేళ్ళని కాసేపు చూసి, ఆ ఆరు గొడుగుల్నీ ఖర్చు కింద రాసేసుకున్నాడు.